ఆకును తింటుందా, ఆకు మీది బూజును తింటుందా? వాగు పురుగు భోజనం లెక్క

అడవిలో వాగు దాటుతున్నప్పుడు రెండు రాళ్ల సందున ఇరుక్కున్న ఎండుటాకుల కట్ట కనబడితే ఒకసారి చేతిలోకి తీసుకుని విడదీసి చూడండి. పై ఆకులు ఇంకా బిరుసుగానే ఉంటాయి. లోపలివి నల్లబడి, మెత్తబడి, వేలికి జారుడుగా తగులుతాయి. అడుగున ఒకటో రెండో ఆకులకు మెత్తటి భాగమంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలి ఉంటాయి, సాలెగూడును ఆకు ఆకారంలో కత్తిరించినట్టు. అదృష్టం బాగుంటే ఆ ఈనెల మధ్య ఇసుక రేణువులతోనో పుల్లముక్కలతోనో తనచుట్టూ గొట్టం కట్టుకున్న పురుగు ఒకటి తల బయటపెట్టి కదులుతుంది. దాన్ని కాడిస్ ఫ్లై అంటారు. పెద్దదయ్యాక రెక్కలు వచ్చి ఎగిరిపోతుంది. ఇప్పుడున్నది డింభక దశ.

పురుగు ఆకు తింటోంది, అంతేకదా అనిపిస్తుంది. గేదె గడ్డి తిన్నట్టే. పోలిక బాగానే కుదిరింది, కాకపోతే మనం అనుకున్న చోట కాదు. గేదె గడ్డిని నిజానికి తాను అరిగించుకోలేదు. దాని పొట్టలోని మొదటి గదిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని విరగ్గొడతాయి. గేదెకు దక్కేది ఆ సూక్ష్మజీవులు విడిచిన ఆమ్లాలు, చివరికి ఆ సూక్ష్మజీవులు కూడా. వాగు పురుగు విషయంలో ఆ మొదటి గది ఒంట్లో లేదు. అది వాగులోనే ఉంది. ఆకు పురుగు నోటికి చేరేలోపే సగం వంట అయిపోతుంది.

ఇంతవరకు శాస్త్రవేత్తలందరూ ఒప్పుకుంటారు. ఆ వంటలో పురుగుకు అసలు బలం ఎక్కడిది, ఆకుదా, ఆకును పట్టిన సూక్ష్మజీవులదా అన్న దగ్గరే యాభై ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది. ఆ వాదన ఎందుకు తెగలేదో తెలియాలంటే ముందు ఎండుటాకును కాస్త దగ్గరగా చూడాలి.

ఎండుటాకులో ఏముంది

చెట్టు ఆకును రాల్చేముందు అందులోని విలువైన సరుకును వెనక్కి లాక్కుంటుంది. నత్రజని, భాస్వరం వంటివాటిలో పెద్ద భాగం కొమ్మల్లోకి తిరిగి వెళ్లిపోతుంది. రాలేది దాదాపు ఖాళీ చేసిన ఇల్లు. గోడలు మిగిలాయి, సామాను పోయింది. ఆ గోడలు సెల్యులోజ్, లిగ్నిన్. రెంటిలోనూ కర్బనం దండిగా ఉంటుంది కానీ వాటిని విడగొట్టే ఎంజైములు చాలా పురుగులకు ఉండవు, ఉన్నా చాలవు. దీనికి తోడు టానిన్లు. కరక్కాయ కొరికితే నోరు పట్టేసినట్టయ్యే ఆ వగరు వీటిదే. అవి మాంసకృత్తులకు అతుక్కుని అరగకుండా అడ్డుపడతాయి.

అంకెల్లో చెప్పుకుంటే, ఎండుటాకులో ఒక పాలు నత్రజనికి 50 నుంచి 100 పాళ్ల కర్బనం ఉండటం మామూలు. పురుగు ఒంట్లో ఒక పాలు నత్రజనికి కర్బనం అయిదారు పాళ్లే. పది రెట్ల తేడా. భాస్వరం దగ్గర ఈ అంతరం ఇంకా పెద్దది. పురుగు ఈ ఆకునే నమ్ముకుంటే కొండంత తిని గోరంత ఎదగాలి.

నీళ్లలో పడ్డాక

ఆకు నీళ్లలో పడగానే మొదట జరిగేది నానడం. టీ పొడి వేడినీళ్లలో రంగు దిగినట్టు, ఆకులోని చక్కెరలు, టానిన్లు, కరిగే లవణాలు బయటికి వచ్చేస్తాయి. కొన్ని జాతుల ఆకులు మొదటి 24 గంటల్లోనే పొడి బరువులో పావు వంతు దాకా కోల్పోతాయి. అడవి మడుగుల్లో నీళ్లు తేనెరంగులో ఉండటానికి ఒక కారణం ఇదే.

వగరు దిగిన ఆకు మీదికి బ్యాక్టీరియా, శిలీంధ్రాలు చేరతాయి. మన ఇంట్లో రొట్టెకో ఊరగాయకో పట్టే బూజు కూడా శిలీంధ్రమే, వాగులో పనిచేసేవి దాని నీటి బంధువులు. వాటి దారపు పోగుల్లాంటి తంతువులు ఆకు పైన పరుచుకుని ఆగిపోవు, లోపలి పొరల్లోకి చొచ్చుకుపోతాయి. కొసల నుంచి ఎంజైములు వదులుతూ సెల్యులోజ్‌ను, కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగిస్తాయి. బ్యాక్టీరియా ఎక్కువగా పైపైన ఉంటుంది. ఆకు ఇంకా ఆకులా ఉన్నంతకాలం దాని మీది సూక్ష్మజీవుల బరువులో 90 శాతానికి పైగా శిలీంధ్రాలదేనని చాలా కొలతల్లో తేలింది. బాగా కుదిరిన చోట, నానిన ఆకు పొడి బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ శిలీంధ్రమే ఉంటుంది.

ఆకులోపల అల్లుకుపోయిన బూజును ఎలా తూచారు? ఎర్గోస్టెరాల్ సాయంతో. జంతువుల కణాల పొరల్లో కొలెస్టెరాల్ ఎలాగో శిలీంధ్రాల పొరల్లో ఎర్గోస్టెరాల్ అలాగ. ఆకులో అది ఎంత ఉందో కొలిస్తే శిలీంధ్రం ఎంత ఉందో లెక్క కట్టవచ్చు. ఈ పదార్థం పురుగుకూ అక్కరకొస్తుంది. కీటకాలు స్టెరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. చర్మం విడిచే హార్మోన్లకు కావలసిన ఆ ముడిసరుకు తిండిలోంచే రావాలి.

నురుగులో దొరికిన నాలుగు చేతుల బీజాలు

ఈ శిలీంధ్రాలు చాలాకాలం కళ్లెదుటే ఉండి కంటపడలేదు. 1942లో ఇంగ్లండ్‌లో సెసిల్ టెరెన్స్ ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వాగులో కుళ్లుతున్న ఆల్డర్ అనే చెట్టు ఆకుల మీద ఇవి ఎన్నో జాతులుగా ఉన్నాయని వివరంగా రాశారు. అందుకే ఇప్పటికీ వీటిని ఇంగోల్డ్ శిలీంధ్రాలని పిలుస్తారు. వీటి సిద్ధబీజాల ఆకారం చూడముచ్చటగా ఉంటుంది. గుండ్రంగా ఉండవు. చాలావాటికి పల్లేరు కాయ ముళ్లలా నాలుగు చేతులు నాలుగు వైపులకు చాచి ఉంటాయి. ప్రవాహంలో కొట్టుకుపోతూ ఏదో ఒక చెయ్యి ఆకుకు తగిలితే చాలు, లంగరు పడినట్టే. మిగతావి కొడవలి ఆకారంలోనో సన్నటి దారాల్లానో వంకరగా ఉంటాయి.

చిన్న జలపాతం కింద రాయి పక్కన తెల్లటి నురుగు పోగవుతుంది కదా, దాన్ని ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ నాలుగు చేతుల బీజాలు గుంపులుగా కనబడతాయి. ఏ వాగులో ఏ జాతులున్నాయో తెలుసుకోవడానికి పరిశోధకులు నేటికీ ముందు వెతికేది నురుగునే. మన పక్కనే పడమటి కనుమల వాగుల్లో వీటిని మంగళూరు విశ్వవిద్యాలయానికి చెందిన కె.ఆర్. శ్రీధర్ బృందం దశాబ్దాలుగా పరిశీలిస్తోంది.

బిస్కెట్టు, దాని మీద పూత

ఆకు కుళ్లేకొద్దీ దాని పోషక విలువ తగ్గాలి. కెనడాలో నరీందర్ కౌశిక్, నోయెల్ హైన్స్ 1960ల చివర్లో, 1971లో ప్రచురించిన పరిశోధనల్లో దీనికి తలకిందులుగా తేలింది. నీళ్లలో ఉన్న ఆకులో నత్రజని శాతం రోజులు గడిచేకొద్దీ పెరిగింది. శిలీంధ్రాలను అణిచే మందు వేసిన నీళ్లలో ఆ పెరుగుదల కనబడలేదు. బ్యాక్టీరియాను అణిచే మందు వేస్తే అంత తేడా రాలేదు. అంటే ఆ నత్రజనిని పోగేస్తున్నది శిలీంధ్రాలు. అవి దాన్ని ఎక్కడినుంచి తెస్తున్నాయి? ఆకులోంచి కొంత, పారే నీళ్లలో కరిగిన నైట్రేటు, అమ్మోనియం నుంచి కొంత. వాగు నీళ్లలో పలచగా పరుచుకున్న ఎరువును ఒడిసిపట్టి పురుగు కొరకగలిగే ముద్దగా మారుస్తున్నాయన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది. శాతం పెరగడం వేరు, మొత్తం పెరగడం వేరు. పాలు మరిగిస్తే చిక్కబడతాయి, వెన్న కొత్తగా పుట్టదు. ఆకులో కర్బనం కరిగిపోతుంటే మిగిలినదాంట్లో నత్రజని శాతం తనంతట తానే పెరిగి కనబడుతుంది. అందుకని శాతాన్ని కాకుండా బరువును చూడాలి. అలా చూసినా చాలా సందర్భాల్లో, ముఖ్యంగా నీళ్లలో పోషకాలు ఉన్నచోట, మొత్తం నత్రజని కూడా కొంతకాలం పెరుగుతుంది.

1974లో అమెరికన్ శాస్త్రవేత్త కెన్నెత్ కమ్మిన్స్ దీన్నంతా ఒక్క ఉపమానంలో ఇమిడ్చారు. ఆకు ఒట్టి బిస్కెట్టు, సూక్ష్మజీవులు దాని మీద పూసిన వేరుశెనగ ముద్ద. పురుగు బిస్కెట్టును కొరుకుతుంది కానీ బలం ముద్దలోంచి వస్తుంది. వాగు పురుగులను తినే తీరును బట్టి వర్గాలుగా విడదీసిందీ ఆయనే. ఆకును తరిగి తినేవి శ్రెడ్డర్లు, కొట్టుకొచ్చే నలుసులను పోగుచేసుకునేవి కలెక్టర్లు (జిల్లాలకు సంబంధం లేదు), రాళ్ల మీది నాచును గీకి తినేవి స్క్రేపర్లు, వీటన్నిటినీ తినే వేటగాళ్లు. మన కథంతా మొదటి వర్గానిది.

ఉపమానం బాగా అతికింది, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. కానీ బిస్కెట్టు మీద ముద్ద పూసినంత మాత్రాన బిస్కెట్టు మారదు. శిలీంధ్రం పట్టిన ఆకు మారిపోతుంది. నాకైతే దీనికి ఇడ్లీ పిండే సరైన పోలిక అనిపిస్తుంది. రాత్రంతా పులిసిన పిండిలో సూక్ష్మజీవులు చేరాయి, నిజమే. వాటి పనివల్ల పిండే వేరే వస్తువైంది, రుచి మారింది, తేలిగ్గా అరుగుతుంది. తెల్లారి మనం తింటున్నది సూక్ష్మజీవులనా, అవి మార్చిన పిండినా? వాగు పురుగు విషయంలో శాస్త్రవేత్తల పేచీ సరిగ్గా ఇదే.

వంద మిల్లీగ్రాముల ఆకుతో ఒక లెక్క

కింది అంకెలు విషయం అర్థం కావడానికి వేసుకున్న ఊహలు. ఏ ఒక్క వాగులోనూ కొలిచినవి కావు, అయినా వాస్తవానికి దూరమైనవీ కావు.

నానిన ఆకు ముక్క పొడి బరువు 100 మిల్లీగ్రాములు. అందులో 90 ఆకు, 10 శిలీంధ్రం. రెంటిలోనూ కర్బనం 45 శాతం. నత్రజని మాత్రం ఆకులో 0.75 శాతం, శిలీంధ్రంలో 5 శాతం. పురుగు ఈ ముక్కనంతా తిన్నదనుకుందాం. ఆకులో పదో వంతే ఒంటబడుతుంది, శిలీంధ్రంలో 60 శాతం ఒంటబడుతుంది.

కర్బనం లెక్క: ఆకు నుంచి 4.05 మిల్లీగ్రాములు, శిలీంధ్రం నుంచి 2.7. అంటే ఒంటబట్టిన కర్బనంలో శిలీంధ్రం వాటా 40 శాతం. నత్రజని లెక్క: ఆకు నుంచి 0.07 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ, శిలీంధ్రం నుంచి 0.3. ఇక్కడ శిలీంధ్రం వాటా 82 శాతం.

భోజనం ఒకటే, తిన్నది ఒకే పురుగు. కర్బనాన్ని కొలిచినవాడు “సగానికి పైగా ఆకే” అంటాడు. నత్రజనిని కొలిచినవాడు “అయిదింట నాలుగు వంతులు బూజే” అంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు.

ఇప్పుడు ఒక్క ఊహను మారుద్దాం. శిలీంధ్ర ఎంజైములు మెత్తబరచడంవల్ల ఆకులో పదో వంతుకు బదులు అయిదో వంతు ఒంటబడిందనుకుంటే, శిలీంధ్రం వాటా కర్బనంలో 25 శాతానికి, నత్రజనిలో 69 శాతానికి దిగుతుంది. శిలీంధ్రం తన పని ఎంత బాగా చేస్తే పద్దులో దాని వాటా అంత తగ్గి కనబడుతుంది! పులిసిన పిండి చిక్కు ఇదే.

మరో పక్క నుంచి చూద్దాం. పురుగు ఒంట్లో సుమారు పదో వంతు నత్రజని. బూజు పట్టని 100 మిల్లీగ్రాముల ఆకు నుంచి దానికి దక్కేది 0.075 మిల్లీగ్రాముల నత్రజని. ఎటూ వృథా కాకపోయినా అది ఒక మిల్లీగ్రాము ఒంటిని కట్టడానికి చాలదు. బూజు పట్టిన ఆకు నుంచి దక్కే 0.37తో మూడున్నర మిల్లీగ్రాములకు పైగా కట్టవచ్చు. వేర్వేరు ఆకు ముక్కలు పక్కపక్కన పెట్టి తినమంటే ఈ జీవులు నానిన ఆకునే ఎంచుకోవడం, అందులోనూ కొన్ని శిలీంధ్రాలు పట్టిన ముక్కల వైపే మొగ్గడం ప్రయోగాల్లో పదేపదే కనబడింది. ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

నమిలాక

పొట్టలోపల అన్ని జీవులూ ఒకే పద్ధతి పాటించవు. క్రేన్ ఫ్లై అనే పొడుగుకాళ్ల ఈగ ఉంది, చూడటానికి పెద్ద దోమలా ఉంటుంది. దాని డింభకాల్లో టిప్యులా అబ్డొమినాలిస్ అనే జాతి పేగు మధ్యభాగంలో పీహెచ్ 11 దాకా ఉంటుందని 1980లో తేల్చారు. బట్టల సోడా కలిపిన నీళ్లంత క్షారం! అంత ఘాటులో టానిన్లు మాంసకృత్తులను పట్టుకుని ఉండలేవు. విడిపోయిన మాంసకృత్తులను ఎంజైములు తేలిగ్గా కోస్తాయి. అదే పురుగు సెల్యులోజ్‌ను మాత్రం సొంతంగా అరిగించుకోలేకపోయింది. బూజులోని మాంసకృత్తులకు సరిపోయే పొట్ట అది, ఆకు పీచుకు కాదు. పేగు చివరి భాగంలో కాపురముండే బ్యాక్టీరియా మిగిలినదాన్ని కొంత పులియబెడుతుంది.

ఇంకో దారి అరువు ఎంజైములది. ఆకుతోపాటు మింగిన శిలీంధ్ర ఎంజైములు పొట్టలోకి వెళ్లాక కూడా కొంతసేపు పనిచేస్తూ సెల్యులోజ్‌ను విడగొట్టగలవని కొన్ని జీవుల్లో ఆధారాలు దొరికాయి. అన్ని జీవుల్లోనూ ఇది చెప్పుకోదగ్గ లాభమేనా అన్నది తేలలేదు. క్షారం అంత ఎక్కువగా ఉన్న పొట్టలో ఆ ఎంజైములు నిలవడం కష్టం.

కీటకాలు కాకపోయినా ఇంగ్లండ్ వాగుల్లోని రెండు చిన్న రొయ్యజాతి జీవుల ముచ్చట ఇక్కడ చెప్పుకోవాలి. గమారస్ పులెక్స్ శిలీంధ్రం పట్టిన ఆకును మొత్తంగా కొరికి తింటుంది. దాని పక్కనే బతికే అసెల్లస్ అక్వాటికస్ ఆకును వదిలి శిలీంధ్రాన్ని గీకి తింటుంది. 1993లో మాన్యుయెల్ గ్రాసా తదితరులు చూపించిన తేడా ఇది. ఒకరు ఇడ్లీ తింటుంటే మరొకరు చట్నీ మాత్రం నాకుతున్నట్టు. ఒకే ఆకు కట్టలో రెండు సమాధానాలూ ఉన్నాయి.

పాత ఉపమానానికి వచ్చిన అభ్యంతరాలు

తొలి అభ్యంతరం కర్బనం దగ్గర వచ్చింది. 1980లలో ఆకు మీది సూక్ష్మజీవుల బరువును విడిగా కొలిచి, పురుగు రోజుకు తినే ఆకుతో గుణించి చూశారు. ముఖ్యంగా బ్యాక్టీరియా నుంచి వచ్చే కర్బనం అవసరంలో చిన్న భాగమే అయింది. ముద్ద ఒక్కటే తిని పురుగు బతకలేదు, బిస్కెట్టూ కావాలి. ఎర్గోస్టెరాల్ పద్ధతి వచ్చాక శిలీంధ్రం బరువు పాత అంచనాలకంటే చాలా ఎక్కువని తేలి వాదన మళ్లీ ముద్ద వైపు జరిగింది.

ఆ తరువాత ఆరిజోనా పరిశోధకులు ఐసోటోపులతో (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువులతో) గుర్తుపెట్టిన ఆకులను వాగుల్లో ఉంచి, ఆ గుర్తు పురుగు ఒంట్లోకి ఎంత చేరిందో వెతికారు. త్వరగా కుళ్లే మెత్తటి ఆకులే పురుగులకు ఎక్కువ మేలు చేస్తాయని అప్పటిదాకా అందరి నమ్మకం. వీరికి కనబడింది వేరు. మెల్లగా కుళ్లే ఆకుల నుంచే పురుగులకు ఎక్కువ వాటా అందింది. మెత్తటి ఆకును సూక్ష్మజీవులే గబగబా ఆరగించి, అందులోని కర్బనాన్ని ఊపిరిగా గాలిలోకి వదిలేస్తున్నాయి. అలా చూస్తే సూక్ష్మజీవి వంటవాడూ అవుతాడు, పంక్తిలో పక్కన కూర్చున్న పోటీదారూ అవుతాడు. ఈ రెండో పాత్రను పాత ఉపమానం పట్టించుకోలేదు.

కొవ్వుల సంగతి ఇంకొకటి. పురుగుల ఎదుగుదలకు కావలసిన కొన్ని పొడవాటి కొవ్వు ఆమ్లాలు, ముఖ్యంగా 20 కర్బన పరమాణువులున్న ఈపీఏ, ఎండుటాకులోనూ ఈ శిలీంధ్రాల్లోనూ లేనట్టే. అవి దొరికేది డయాటమ్‌ల వంటి నాచు జాతుల్లో. ఆకు మీద పలచగా పరుచుకున్న నాచు బరువులో లెక్కలోకి రాకపోయినా ఈ సరుకు విషయంలో అదే పెద్ద దిక్కు కావచ్చునని ఒక వర్గం వాదిస్తోంది. దట్టమైన అడవి నీడలో నాచు పెరగడమే కష్టం కదా, అక్కడి పురుగులు ఎలా బతుకుతున్నాయని ఎదుటివారి ప్రశ్న. కొన్ని పురుగులు చిన్న కొవ్వు ఆమ్లాలను తామే పొడవు చేసుకోగలవు. ఎంతవరకు అన్నదే తగవు.

ఆకు ముఖ్యమేనా అన్న మూల ప్రశ్నకు మాత్రం గట్టి జవాబు దొరికింది. ఉత్తర కరొలైనాలోని కొవీటా అడవిలో బ్రూస్ వాలెస్ బృందం ఒక చిన్న వాగు పొడవునా పైన వల కప్పి, కొన్నేళ్లపాటు ఆకు పడకుండా ఆపింది. 1997లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆకు తినేవే కాదు, నలుసులు తినేవి, వాటిని వేటాడేవి కూడా తగ్గిపోయాయి. ఆకు తినే పురుగు విడిచే మలపు నలుసులే దిగువన ఇంకొకరి భోజనం మరి.

మన వాగులకు ఈ కథ ఎంతవరకు వర్తిస్తుంది

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఎక్కువ భాగం చల్లటి దేశాల వాగుల నుంచి వచ్చింది. అక్కడ శరదృతువులో ఆకులన్నీ ఒక్కసారి రాలి, పారే నీళ్లలో పడతాయి. నల్లమల వంటి ఆకురాల్చే అడవిలో ఆకు రాలేది నీళ్లు తగ్గే కాలంలో. చిన్న వాగులు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. ఆకులు పొడి ఇసుకలో, రాళ్ల మీద నెలల తరబడి పడి ఉండి, తొలకరి వరదకు ఒక్కసారిగా కదులుతాయి. నానడం, బూజు పట్టడం, పురుగు చేరడం అన్న వరుస అక్కడ ఇంగ్లండ్ వాగు పంచాంగాన్ని అనుసరించదు.

ఉష్ణమండల వాగుల్లో అసలు ఆకు తరిగే పురుగులే తక్కువా అన్నది మరో చర్చ. కెన్యా, హాంకాంగ్ వంటి చోట్ల వెతికినవారికి అవి తక్కువగా కనబడ్డాయి. పీతలను, రొయ్యలను లెక్కలో చేర్చకపోవడంవల్లే అలా కనబడిందని మరికొందరు అన్నారు. 2011లో ఆరు ఖండాల్లోని 22 వాగుల్లో ఒకే రకం ఆకును, ఆల్డర్‌ను, ఉంచి చూసినప్పుడు, భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ కుళ్లించే పనిలో సూక్ష్మజీవుల వాటా పెరిగింది, పురుగుల వాటా తగ్గింది. వేడినీళ్లలో వంటవాడే ముందు తినేస్తున్నాడేమో.

నీళ్లలో ఎరువు కలిస్తే

శిలీంధ్రాలు నీళ్లలోని నత్రజనిని, భాస్వరాన్ని పట్టుకుంటాయి కాబట్టి పొలాల ఎరువు వాగులో కలిస్తే పురుగులకు పండగే అనుకోవచ్చు. తొలుత అలాగే ఉంటుంది. బూజు ఏపుగా పెరుగుతుంది, ఆకు మెత్తబడుతుంది, పురుగులు బలుస్తాయి. ఐరోపాలో వంద వాగులను పోల్చినప్పుడు, పోషకాలు మరీ తక్కువ ఉన్నచోట ఆకు మెల్లగా కుళ్లింది, మధ్యస్థంగా ఉన్నచోట వేగంగా కుళ్లింది, కాలుష్యం మరీ ముదిరినచోట మళ్లీ నెమ్మదించింది. ముదిరినచోట ఆకు తినే పురుగులే మిగలకపోవడం దానికి ఒక కారణం.

కొవీటాలో ఏమీ కలవని స్వచ్ఛమైన వాగులకే కొలిచి కొలిచి నత్రజని, భాస్వరం కలిపి చూశారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం వాగులో ఆకు నిలిచి ఉండే కాలం దాదాపు సగానికి పడిపోయింది. ఆకులు రాలేది ఏడాదికి ఒకసారే. రాళ్ల సందున ఆ కట్టను పట్టుకుని గొట్టంలో ఎదుగుతున్న పురుగుకు రెక్కలు రావడానికి ఇంకా నెలలు పడుతుంది.